మేనర్ పచ్చికలో మామయ్య ముద్ద

ఆ రోజుల్లో మాకు దుఃఖం కూడా షిఫ్టుల మధ్య ఖాళీ చూసుకునే రావాలి. కెనడాలోని లండన్‌లో చదువుకుంటూ, శని ఆదివారాలు ఊరి అంచున ఒక పాత మేనర్ టీరూమ్‌లో గిన్నెలు కడిగేవాణ్ణి. ఎవరో ఇంగ్లండ్ దొర సొంతూరి మీద బెంగతో కట్టించుకున్న ఎర్ర ఇటుకల బంగళా అది. చుట్టూ సన్న సందులు, పొట్టి గోడలు, మధ్యలో అందరికీ కలిపి ఒక పెద్ద పచ్చిక. ఫోటోలు పంపితే మా మామయ్య టీకొట్టు దగ్గర "మావాడు రాణిగారి ఊళ్లో ఉన్నాడు" అని చాటేవాడు (నేను సరిదిద్దలేదు, గొప్పలు ఎవరికి చేదు?). పిల్లల్లేని ఆయనకు కొడుకునైనా నేనే. చివరి వారంలో మూడుసార్లు ఫోన్ చేశాడు. పరీక్షలున్నాయని మెసేజ్ పెట్టి, పడుకుని వీడియోలు చూశాను. నాలుగోసారి చేయడానికి ఆయన లేడు.

ఆయన పోయిన పదో రోజు, నవంబరు ముసురు. పొద్దున్నే టీరూమ్‌కి వెళ్లేసరికి అమ్మ ఫోన్. అక్కడ పొద్దు వాలుతోంది, పెట్టిన పిండాన్ని కాకి ఇంకా ముట్టలేదట. అది ముట్టందే ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. "మీ మామయ్య ప్రాణం నీ మీదే ఉందిరా. అక్కడ నువ్వో ముద్ద పెట్టి చూడు" అంది నీరసంగా.

డబ్బాలో పెరుగన్నం ఉంది. మాగాయ బద్ద తీసేసి (పితృకార్యానికి ఊరగాయేమిటి?), ఓక్ చెట్టు కింద పెట్టి దణ్ణం పెట్టాను. కొమ్మల నిండా కాకులే, ఒక్కటీ దిగలేదు. తీరని కోరికేదో ఉంటే కాకి రాదని, తీరుస్తానని మాటిస్తే వస్తుందని మావాళ్ల నమ్మకం. సరే, మాటలివ్వడం మొదలెట్టాను. డిగ్రీ పూర్తి చేస్తాను, అత్తయ్యను చూసుకుంటాను, చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటాను. కాకులు కదల్లేదు గానీ, చెరువు వైపు నుంచి అయిదు పెద్దబాతులు పెళ్లివారిలా నడిచొచ్చాయి. ఇది మీకు కాదు, మా మామయ్యకని తెలుగులో అదిలిస్తే ఒకటి బుస్సుమని నా ప్యాంటు పట్టుకుంది. దానితో నేను పచ్చికంతా పరుగెడుతుంటే మిగతా నాలుగూ నింపాదిగా భోంచేశాయి.

మేనర్ చూడ్డానికి వచ్చేవాళ్లకు గదులు చూపించే ముసలావిడ గొడుగుతో వచ్చి, పక్షులకు తిండి పెట్టకూడదన్న బోర్డు చూపించింది. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో కాకి, మామయ్య, ఎత్తని ఫోన్లు, అన్నీ కక్కేశాను. ఆవిడ గొడుగు నా మీదికి జరిపి, అటు తిరిగి నిలబడి, "మళ్లీ పెట్టు. నేను చూడను" అంది. పెట్టడానికి మెతుకు మిగల్లేదు.

అమ్మ మళ్లీ ఫోన్ చేసి ముట్టిందా అని అడిగింది. పెట్టీ పెట్టగానే ముట్టిందన్నాను. "అయితే నీ మీద కోపం లేదురా ఆయనకి" అని, అత్తయ్యకు అన్నం వడ్డించమని ఎవరికో చెప్పింది.

ఆ అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోసి, మొన్న అమ్మ ఇక్కడికొస్తే పచ్చిక చూపించి ఒప్పేసుకున్నాను.

"నాకప్పుడే తెలుసు" అంది అమ్మ. "మీ అత్తయ్యకి షుగరు. ఎవరో ఒకరు ముట్టిందని చెప్పాలిగా."

"మరి కోపం లేదన్నావు?"

"అది నిజమే" అంది, చెట్టు వైపు చూస్తూ. అంత చదువు చదివినవాణ్ణి, ఎలా తెలుసని మాత్రం అడగలేదు.