పెదవి మీది గుండ్రటి మచ్చ

మొన్న అబిడ్స్‌లో పళ్ల డాక్టరమ్మ నా పైవరస ముందుపన్నును వేలితో కదిపి చూసి, దీన్ని తీసేసి కట్టుడుపన్ను పెట్టాల్సిందేనంది. కట్టుడుపన్నుతో ట్రంపెట్ ఊదడం ఇక నా వల్ల కాదని నాకు తెలుసు, పాపం ఆమెకు తెలియదు. పైగా నా పై పెదవి మధ్యలో ఉన్న గుండ్రటి మచ్చను చూసి, "గిది పోయేటందుకు క్రీములున్నయమ్మా, రాసియ్యాల్నా?" అని ఎంతో ప్రేమగా అడిగింది. నాకు ఒళ్లు మండింది.

ఆ మచ్చ మా చిన్నాయన పెట్టిన భిక్ష. మా నాయనకు తమ్ముడైన ఆయన అబిడ్స్‌లోనే ఒక హోటల్లో ట్రంపెట్ వాయించేవారు. పెళ్లిళ్ల బ్యాండు కాదండీ, జాజ్ బ్యాండు. రెండు ట్రంపెట్లు, ఒక ట్రాంబోన్, మోకాళ్ల మధ్య పెట్టుకుని వేళ్లతో కొట్టే జోడు బాంగోలు, చేత్తో ఊపితే గలగలమనే మరకాసులు, అన్నీ కలిసి ఎక్కడో క్యూబాలో పుట్టిన రుంబాలూ చాచాచాలూ అనే నాట్యపు వరసలు అందుకుంటే, కాఫీ తాగడానికి వచ్చిన పెద్దమనుషుల కాళ్లు కూడా బల్లకింద ఊరుకునేవి కావు. పళ్లు చెడితే వాయిద్యం మీద పట్టు పోతుందని, హైదరాబాదులో పుట్టి పెరిగి కూడా చిన్నాయన ఒక్క పాన్ నమిలి ఎరుగరు.

నాంపల్లిలో మా డాబా మీద ఆయన నాకు ఆ విద్య నేర్పారు. ఏళ్ల తరబడి ఊదగా ఊదగా, ట్రంపెట్ ఇత్తడి మూతి ఆనిన చోట పెదవి గట్టిపడి మచ్చ కట్టింది. పెళ్లిచూపుల నాడు అమ్మ దాని మీద పౌడరు మెత్తింది గాని, వచ్చినవాళ్లు ఉప్మా తినేలోపే నా చెమటకు అది కాస్తా కరిగిపోయింది. పెళ్లికొడుకు తల్లి ఊరుకుంటుందా?

"పెదవి మీద గా మచ్చ ఏంది బిడ్డా?"

చిన్నప్పుడు కాలిందని అమ్మ చెప్పబోతుండగానే నేను అందుకున్నాను.

"కాలలేదమ్మా. బాకా ఊదుతా. వినిపియ్యాల్నా?"

వాళ్లు వినలేదు, చెప్పులు తొడుక్కున్నారు. అమ్మ ఏడ్చింది, నాయన నాతో మాట్లాడడం మానేశారు. అదంతా నేను ముందే అనుకున్నదే. నన్ను కోసేసింది చిన్నాయన మాట. "ఇగ బంద్ పెట్టు బిడ్డా, నా విద్య నీ పెండ్లికి అడ్డం రావద్దు" అంటూ ట్రంపెట్ నా చేతిలోంచి తీసుకోబోయారు. నేనివ్వలేదు. ఆ సాయంత్రమే డాబా ఎక్కి, అమ్మ మెట్ల మీద నిలబడి వద్దంటున్నా వినక, స్టేషనుకు పోయే రిక్షాలన్నింటికీ వినబడేలా ఆయన నేర్పిన రుంబానే ఊదాను. రెండోసారి ఎత్తుకునేసరికి కింద తన గదిలో చిన్నాయన బాంగోల మీద తాళం అందుకున్నారు.

తర్వాత నాకు పెళ్లీ అయింది, ఆ మచ్చతోనే. పౌడరు మళ్లీ ఎన్నడూ మెత్తలేదు.

ఇప్పుడా హోటలు ఉన్నచోట చీరల దుకాణం ఉంది. చిన్నాయన లేరు. ఆయన బ్యాండులో మిగిలిన ఇద్దరూ ఆదివారాలు మా డాబాకు వస్తారు, అందులో ఒకాయనకు చెవుడు, అయినా తాళం తప్పడు. మన వయసువాళ్లు గనక మీతో చెప్పుకుంటున్నాను. ఆనాటివాళ్లు మచ్చేమిటో తెలుసుకుని మరీ లేచి వెళ్లిపోయారు, ఇవాళ తలుచుకుంటే అదే నయమనిపిస్తుంది. ఇప్పటివాళ్లకు అదేమిటో తెలియను కూడా తెలియదు, దయతలచి చెరిపేస్తామంటారు. డాక్టరమ్మకు ఒకటే చెప్పి వచ్చాను. పన్ను ఊడేదాకా ఊదుతాను, ఊడిన నాడు బాంగోలు అందుకుంటాను, మచ్చ జోలికి మాత్రం రావద్దన్నాను.