ఖాళీ కారుతో వెళ్లిన మనిషి

బందరులో మా ఆసుపత్రి కారును ఇన్నేళ్లూ నడిపిన డ్రైవరుగారు మొన్న ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. చర్చి గంట మోగకముందే ఆయన తమ్ముడు వచ్చి, "అన్నయ్య వెళ్లిపోయాడండీ సిస్టరుగారూ" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయిందని తోచింది.

బ్రేకులకు మరమ్మతు జరిగితే ఆయన ఎవరినీ కారెక్కనిచ్చేవారు కాదు. ముందు నిలిపిన చోటే పెడలు తొక్కి చూసుకునేవారు. ఆపైన గిలకలదిండి వైపు, జనం లేని రోడ్డు మీదకు ఒక్కరే వెళ్లేవారు. ముందూ వెనకా చూసుకుని, మొదట నడక వేగంలో ఆపి, కొంచెం కొంచెం వేగం పెంచుతూ మళ్లీ మళ్లీ ఆపేవారు. "బండి నడవడం అందరూ చూస్తారమ్మా, ఆగడం నేనొక్కణ్ణే చూసుకోవాలి" అనేవారు.

ఒక వానాకాలం ముదినేపల్లి అవతలి ఊరి నుంచి కాన్పు కష్టమైందని కబురొచ్చింది. కారు బ్రేకుల పని అప్పుడే ముగిసింది. నేను సంచీతో పరుగెత్తితే ఆయన తలుపుకి అడ్డం నిలబడ్డారు.

"పది నిమిషాలండీ, చూసుకొచ్చేస్తాను."

"అక్కడ ప్రాణం పోతోందండీ!"

"దారంతా కాలవగట్టేనమ్మా. మనమే కాలవలో పడితే ఆ తల్లికి దిక్కెవరు?"

వెళ్లి వచ్చారు. ముందు చక్రం విప్పి ఏదో సరిచేసి మళ్లీ వెళ్లారు. అరగంట పట్టింది. మేము చేరేసరికి బిడ్డ పుట్టింది, తల్లి పోయింది.

తిరిగి వస్తూ, "మీ బ్రేకులే చంపాయి ఆమెను" అన్నాను. ఆయన గుడివాడ దాటాక కారు పక్కకు ఆపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నడిపారు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే నాకు నమస్కారం పెట్టారు. నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఏడేళ్లు గడిచాయి.

ఆదివారం సాయంత్రం సమాధుల తోట నుంచి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ రోజు ఖాళీ కారుతో మొదటిసారి వెళ్లినప్పుడు, వేగంలో బ్రేకు తొక్కగానే కారు ఎడమకి లాగేసి, రోడ్డు అంచుదాకా పోయిందటండీ. ఆ సంగతి మీకు చెప్పమన్నాను. 'వద్దులే, ఆ కోపం నామీదే ఉండనీ. లేకపోతే ఆ సిస్టరు పిల్ల ఆ చావంతా తనమీద వేసుకుంటుంది' అన్నారండీ."

ఆయన్ను అడగవలసిన క్షమాపణ ఆవిడ చేతులు పట్టుకుని అడిగాను. ఆవిడ నా తల నిమిరింది.

వాకిట్లో తాడు మీద ఆయన ఖాకీ చొక్కా ఉంది. శనివారం తనే ఉతికి ఆరేసుకున్నారట. ఒక చెయ్యి లోపలికి తిరగబడి ఉంది. దాన్ని ఎవరూ సరిచేయలేదు.