కండెల మీది చీటీలు

పోయిన శ్రావణంల ఒక మంగళవారం, పొద్దున పదింపావుకు, గద్వాల బస్టాండుల వనపర్తి బస్సు కోసం కూసున్న. పక్కన మగ్గం నేసే ముసలాయన ఒకడు సంచిల నుంచి నాలుగు దారం కండెలు తీసి బెంచీ మీద పెట్టిండు.

"అక్కా, చదువొస్తదా?"

"యాభై దాటినంక నేర్చిన. చీటీలైతే చదువుత."

"ఇవి జర చూడు. చూసి, కండ్లు మూసుకొని వరసగ రంగులు చెప్పు."

ఒక్కో కండెకు రంగు పేరు రాసిన చీటీ అంటించి ఉంది. "ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం" అన్న. కండ్లు తెరిచి చూస్తే ఎరుపు అని రాసిన కండెకు ఉన్నది ఆకుపచ్చ దారం. ఒక్కటి గూడ సరిగ చెప్పలే. చదువు రాకముందైతే దారమే చూసి చెప్పేదాన్ని.

ఆయన నవ్విండు. "నేను గూడ గిట్లనే, మగ్గం కాడికి పోయేలోపల రంగు మర్చిపోతున్న. మతి పోయిందని ఇంటోళ్లు వనపర్తి దవాఖానకు తోలిండ్రు."

"మతికేం కాలే. చీటీలు తప్పు. పీకెయ్."

"నా పెండ్లాం రాసినయక్కా. ఆమె పోయినంక పాత దారం అయిపోయింది. వేరే రంగులది కొత్తది చుట్టిన గాని చీటీలు పీకబుద్ధి కాలే."

నా ఇంట్ల నాకోసం ఎవ్వరూ ఏం రాసిపెట్టలే.

బస్సొచ్చింది. ఆయన ఎక్కలే. "మతి మంచిగున్నంక దవాఖాన ఎందుకు" అనుకుంట, కండెలు సంచిల పెట్టుకొని ఇంటిదిక్కు పోయిండు. చీటీలు మాత్రం పీకలే.

ఆనాడు ఆ బెంచీ మీద ఉన్నోళ్లం ముగ్గురం: నేను, నేను పేరడగని ఆయన, చీటీలు రాసిన ఆమె.