గద్ద తోకకు మెరుగులు

ఆ వీధిలో అందరూ ఆయన్ని ఫొటోల బాబాయి అంటారు. దరఖాస్తులకు అతికించే ఫొటోలు తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి. మొటిమలుంటే మాయం చేస్తాడు, ఒక భుజం దిగి ఉంటే రెండోదానికి సమానం చేస్తాడు. వచ్చినవాళ్లు తమ ముఖం చూసుకుని తామే ముచ్చటపడి వెళ్తారు. ముప్పై ఏళ్లలో వేల ముఖాలు తీశాడు గానీ, ఒక్క ఫొటో కింద కూడా ఆయన పేరు పడలేదు. పైకి నవ్వేసేవాడే, లోపల మాత్రం ఆ సంగతి పీకుతూనే ఉండేది.

అందుకే పక్షుల్ని చూసేవాళ్ల బృందంలో చేరాడు. ఊళ్లో కనబడిన పక్షులకు వాళ్ల దగ్గరొక పట్టిక ఉంది. అందులో ఫొటో కింద తీసినవాళ్ల పేరు వేస్తారు. పట్టిక రాసేది రిటైరైన సైన్సు టీచరమ్మ. ఆవిడ ముందు ఊహాగానాలు చెల్లవు.

ఓ మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, ఎక్కడో ఎత్తున ఒక పక్షి రెక్క కదపకుండా తిరుగుతూ కనిపించింది. బాబాయి తడి బనియను భుజాన వేసుకునే కిందికి పరిగెత్తి, కెమెరా తెచ్చి పదకొండు ఫొటోలు తీశాడు. పెద్దవి చేసి చూసినా పక్షి గోరంతే ఉంది. బాగున్నదొకటి ఎంచి, అలవాటుగా కాస్త సర్ది, టీచరమ్మకు పంపాడు.

సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది. "తోక గుండ్రంగా ఉందండీ. గద్దకైతే మధ్యలో చీలిక ఉంటుంది. ఇదేదో పెద్ద డేగలా ఉంది, మన ఊళ్లో ఇంతవరకు ఎవరికీ కనబడలేదు. కానీ తోక బాగా విప్పితే గద్దకూ చీలిక తెలీదు. ఒక్క ఫొటోతో తేల్చలేం. మిగతావన్నీ వరుసగా పంపండి."

బాబాయి కాలు నేల మీద నిలవలేదు. మంగలికి చెప్పాడు, గడియారాల మేస్త్రికి చెప్పాడు, వద్దంటున్నా పోస్టుమ్యాన్‌ని ఆపి మరీ చెప్పాడు. ఆ తర్వాత తీరిగ్గా మిగతా ఫొటోలు తెరిచాడు.

పదింటిలోనూ తోక మధ్య చక్కగా చీలిక ఉంది. పంపిన ఫొటో అసలు ప్రతిలోనూ ఉంది. ఈకలు ఊడాయేమో పాపం అనుకుని తానే పూడ్చేశాడు.

ఆయన చెయ్యి దానంతటదే మౌసు మీదికి వెళ్లింది. పది తోకలు, అరగంట పని.

భార్య వచ్చి వెనక నిలబడింది. "ఏం చేస్తున్నారు?"

"తోకలు సర్దుతున్నా."

"మన పెళ్లి ఫొటోలో నా చెంప మీది మచ్చనీ ఇలాగే సర్దారు. మా అమ్మ చూసి, ఈ పిల్లెవరు బాబూ అనడిగింది."

ఆయన నవ్వలేదు. "ఈసారైనా నా పేరు పడుతుందే," అన్నాడు.

"పడుతుంది సరే. ఆ ఫొటోలో ఉండేది ఏ పక్షి?"

బాబాయి తల గోక్కున్నాడు. పదకొండూ ఉన్నవి ఉన్నట్టే పంపి, తోక పూడ్చింది తానేనని కింద రాశాడు. రాస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

పొద్దున్నే జవాబు వచ్చింది. "మామూలు గద్దే. ఇప్పుడే పట్టిక తిరగేశాను. రోజూ కనబడేదే కదా అని ఇంతవరకు ఎవరూ గద్ద ఫొటో ఇవ్వలేదు. మూడోది వేస్తున్నా, కింద మీ పేరుతో. దయచేసి దాన్ని ముట్టుకోకండి."

బాబాయి అది నాలుగుసార్లు చదివి, ఐదోసారి భార్యకు వినిపించాడు.

"బాగుంది," అందామె. "మరి నా మచ్చ ఎప్పుడు తిరిగొస్తుంది?"

ఆయన లేచి, పాత ఫిల్ముల బీరువా తెరిచాడు.