ఎవరూ అందించొద్దు

మొన్న మంగళవారం పొద్దున్నే మా ఇంగ్లీషు టీచరమ్మ మేనల్లుడు ఫోన్ చేశాడు. "అత్త పోయిందన్నా. నిద్రలోనే." మదనపల్లెలో, ఆమె ఇంట్లో, ఆమె మంచం మీదే.

చర్చిలో సంతాప సభ పెట్టారు. పెద్దమనుషులు ఆమెను ఆకాశానికెత్తారు. వాళ్లలో ఇద్దరు నాతో మిషన్ బడిలో చదివి, తర్వాత అక్కడే ఆమెతో కలిసి పనిచేస్తూ, ఆమె క్లాసును 'చప్పట్ల భజన' అని వెక్కిరించినవాళ్లు. పోయినవాళ్లను పొగడటానికి ఖర్చేముంది? నేను మైకు దగ్గరకు పోలేదు. నాకు నత్తి. కోపమొస్తే ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చిన్నప్పుడు ఆ నత్తికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది సాయం చేసేవాళ్లు. నేను 'మ' అనగానే మజ్జిగని ఒకడు, మంచినీళ్లని ఇంకొకడు అందించేవాళ్లు. హెడ్మాస్టరైతే నా మాట పూర్తిచేసి, పైన ఒక నవ్వు కూడా చేర్చేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనింకా క్షమించలేదు.

టీచరమ్మ ఇంగ్లీషు మాటలను ముక్కలు చేసి నేర్పేవారు. బోర్డు మీద 'రిమెంబర్' అని రాసి, మధ్యలో చిన్న అడ్డగీతలు పెట్టి, రి, మెమ్, బర్ అంటూ ముక్కముక్కకూ చప్పట్లు కొట్టించేవారు. నిమ్మనపల్లె వైపునుంచి వచ్చే కూలివాళ్ల పిల్లలు కూడా బారెడు మాటలు జంకకుండా చదివేవాళ్లు. నా వంతు వచ్చింది. 'రి' దగ్గరే ఇరుక్కుపోయాను. వెనక బెంచీవాడు నోరు తెరిచాడు.

"నీకు యాలప్పా తొందర? వాని మాట వాడు సెప్తాండాడు. ఎవరూ అందించొద్దు," అని టీచరమ్మ నావైపు తిరిగారు. "ఒక్కో ముక్కా పట్టుకో నాయనా. గంట కొట్టినా నేనీడనే ఉంటా."

గంట కొట్టింది. ఆమె ఉన్నారు.

ఇంటికెవరైనా వస్తే కాఫీ ఇచ్చి, వాళ్లు చెప్పేది అయ్యేదాకా తన గ్లాసు ముట్టేవారు కాదు. ఆమె ఎప్పుడైనా వేడి కాఫీ తాగారో లేదో.

కిందటి చలికాలం పక్షవాతం వచ్చి ఆమె మాట పడిపోయింది. మేనల్లుడు తానుండే కుప్పంలోనే ఆసుపత్రిలో చేర్చాడు. నేను చూడబోయేసరికి, మర్నాడు బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి ఏర్పాట్లన్నీ చేసేశాడు. ఆమెను మాత్రం అడగలేదు. మంచివాడే. ప్రేమ ఉన్నవాళ్లకే తొందరెక్కువ.

"డిస్..." అన్నారామె.

"డిస్టర్బెన్సా అత్తా? టీవీ ఆపమని సెప్పేదా?"

ఆమె తల అడ్డంగా ఊపారు. "డిస్..."

"డిస్టెన్సా? బెంగళూరు యాడుండాది అత్తా, ఇట్ల ఎక్కి అట్ల దిగేదే!"

ఆమె కళ్లు మూసుకున్నారు.

"నో... నోరు మూసుకోప్పా కొంచెంసేపు!" అని అరిచాను. నర్సు కూడా నిలబడిపోయింది. టీచరమ్మ మంచం అంచుమీద వేలితో ఒకసారి తట్టారు. చాలాసేపటికి ఇంకోసారి.

"చార్జ్."

మేనల్లుడు ఆమె మీదికి వంగాడు. "ఇంటికా అత్తా? మదనపల్లెకా?"

ఈసారి అందించినందుకు ఆమె కోప్పడలేదు.

డాక్టరు గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు. మర్నాడు నేనూ వాళ్లతో బయల్దేరాను. కారులో కిటికీ పక్కన కూర్చుని, ఆమె దారిలో కనబడిన బోర్డులన్నీ చదవడం మొదలుపెట్టారు. పుంగనూరులో ఒక ఫర్నిచర్ అంగడి వచ్చింది. "ఫర్" అన్నారు. కారు సాగిపోయింది. అంగడి, వీధి, ఊరు వెనకబడ్డాయి. ఎదురుగా టమోటా లారీలు వస్తున్నాయి. "ని" అన్నారు. డ్రైవరు ఏదో అనబోతే మేనల్లుడు భుజం తాకి ఆపాడు. తెల్ల జుట్టు గాలికి ముఖం మీద పడుతుంటే, ఉత్త పొలాలవైపు కళ్లు చిట్లించి చూస్తూ, ఆమె చివరి ముక్క కూడా చదివారు.