ఆగకూడని పని

హెడ్డాఫీసు నుంచి ఆ పని నాకు అప్పగించిన రోజు నేను ఇంటికి పోయి గొప్పగా చెప్పుకున్నాను. హిందూపురం శివార్లలో, పెనుకొండకు వచ్చే దారిలో ఉన్న చొక్కాల ఫ్యాక్టరీలో అప్పటికి పదకొండేళ్లుగా ఆఫీసు పని చేస్తున్నాను. హాజరు చూడటం, సెలవులు రాయటం, కంపెనీ బస్సులు వేళకు వస్తున్నాయో లేదో కనుక్కోవటం, ఆడవాళ్ల మధ్య తగాదాలు తీర్చటం. ఇన్నాళ్లకు బుర్ర పెట్టి చేసే పని ఒకటి దొరికిందనిపించింది.

మాది పెనుకొండ. నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. ఇప్పుడు చేతకాక వాకిట్లో మంచం మీద కూర్చుని వచ్చేపోయే బస్సులు చూస్తుంటాడు. వరదలొచ్చినా, తుపానొచ్చినా ఫ్యాక్టరీ పని ఆగకుండా ఏం చేయాలో రాయమన్నారని చెబితే ఆయన నవ్వాడు.

"వరదా? మన సీమలోనా? తాగేదానికి నీళ్లు ల్యాకుంటే ఏం చేయాల్నో అది రాయి ముందు" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ అంతకు ముందటేడు ఒక పెద్దవాన కురిసి, దారిలో ఒక కల్వర్టు మునిగి, రెండు రోజులు బస్సులు రాలేదు. చొక్కాలు ఓడకు అందలేదు. వాటిని కొనే విదేశీ కంపెనీ వాళ్లు, మళ్లీ ఇట్లా జరిగితే మీరేం చేస్తారో కాగితం మీద రాసిపెట్టండి, లేకపోతే ఆర్డర్లు ఉండవు అన్నారు. అట్లా ఆ ఫారం నా బల్ల మీదికి వచ్చింది.

అందులో భూకంపం, తుపాను, వరద, సునామీ అని వరసగా గళ్లు ఉన్నాయి. సునామీకి ఎదురుగా 'వర్తించదు' అని రాశాను. కరవుకు గడి లేదు. నేనే ఒకటి గీసి చేర్చాను. తర్వాత దాన్ని తీసేశారు.

వరద గడి నింపాలంటే నీళ్లు ఎటునుంచి వస్తాయో తెలియాలి. కాలర్లు కుట్టే లైనుకు సూపర్‌వైజర్‌గా ఉన్నామెను అడిగాను. నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె పుట్టిల్లు ఫ్యాక్టరీకి ఆనుకుని ఉన్న పల్లె, మెట్టినిల్లు రొద్దం దగ్గర. భర్త పోయాక గొర్రెలమ్మేసి కుట్టుపనికి వచ్చింది. ఫ్యాక్టరీ తెరిచిన మొదటి రోజు నుంచీ ఉంది. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడమ్ అనేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం కాంపౌండు చుట్టూ తిరిగాం.

"నీళ్లొస్తే ఎటునుంచి రావచ్చక్కా?"

"ఎటునుంచి రావడమేంది మేడమ్? మనం నిలబడిండేదే వంకలో. ఆ కటింగ్ షెడ్డు ఉండాదే, ఆడ మా నాయన గొర్రెలకు నీళ్లు తాపుతాండె. మట్టి తోలి, చదును చేసి కట్టినారు. పైన చెరువు పొంగితే ఆ నీళ్లు ఈడికే గదా రావాల."

"మరి ఇన్నేండ్లూ రాలేదే?"

"చెరువు నిండితే గదా!"

నేను నెల రోజులు కూర్చుని రాశాను. షెడ్డు వెనక పూడ్చేసిన వంకను మళ్లీ తవ్వించాలని, గుడ్డల తానులు నేల మీద కాకుండా పైఅంతస్తులో పెట్టాలని, జోరువానలో బస్సులు బయలుదేరకూడదని, ఫ్యాక్టరీ మూతపడిన రోజులకు కూడా పనివాళ్లకు జీతం ఇవ్వాలని. అంతా టైపు చేసి, సొంతంగా ఒక మ్యాపు గీసి పంపాను.

మేనేజరు బెంగళూరు మనిషి. ఎవరినీ గట్టిగా ఒకమాట అనడు. నన్ను పిలిచి కూర్చోమన్నాడు.

"చాలా కష్టపడ్డారు. బాగా రాశారు. కానీ ఇది ఫ్యాక్టరీని కాపాడే ప్లాను. వాళ్లు అడిగింది ఆర్డరును కాపాడే ప్లాను."

ఆ తేడా నాకు వెంటనే తెలిసింది. అయినా తెలియనట్టు తలూపాను. వంక తవ్వటం, బస్సులు, జీతాలు అన్నీ ఎర్రగీతల కింద పోయాయి. మిగిలిందల్లా ఒకటే ప్రశ్న: ఇక్కడ పని ఆగితే అదే పనిని ఎన్ని రోజుల్లో ఇంకోచోట మొదలుపెట్టగలం? పక్క రాష్ట్రంలో కంపెనీకి ఇంకో యూనిట్ ఉంది. అక్కడ టీషర్టులు కుడతారు. మన చొక్కాలు వాళ్లు కుట్టాలంటే ఏమేం కావాలో రాయమన్నారు.

కొలతలు, డిజైన్లు కంప్యూటర్లలోనే ఉన్నాయి. కంప్యూటర్లలో లేనివి మా వాళ్ల చేతుల్లో ఉన్నాయి. వాటిని వీడియో తీయాలన్న ఆలోచన ఎవరిదో కాదు, నాదే.

వీడియో తీస్తామన్న రోజు అక్క కొత్త చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది.

"ఇది ఫారిన్‌లో చూస్తారా మేడమ్?"

చూస్తారన్నాను. ఆమె మిషన్ ముందు నిటారుగా కూర్చుంది. కాలర్ తిప్పి కొనను చూపించింది. "ఇట్ల బొటనవేలితో నొక్కి పట్టుకోవాల. లాగగూడదు. లాగితే ముక్కు వంకర పోతాది. గుడ్డ తనంతట తాను పోతాది, మనం దారి చూపించాల, అంతే." అన్నేళ్లు పట్టి నేర్చుకున్నదంతా తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఇంకో రెండు రోజులు మిగతావాళ్లవి తీశాను. కఫ్, గుండీపట్టీ, భుజం కుట్టు. వాటి కింద ఇంగ్లీషులో నేనే వివరాలు రాశాను. ప్లాను ఆమోదమైంది. నన్ను బెంగళూరుకు పిలిచి మెచ్చుకున్నారు.

మరుసటేడు వానలు పట్టుకున్నాయి. మొదట అందరూ సంతోషించారు. ఎన్నడూ నిండని చెరువు నిండిందని జనం బండ్లు కట్టుకుని చూడటానికి వచ్చారు. ఆడవాళ్లు పసుపు కుంకుమ నీళ్లలో వేసి మొక్కారు. అక్క కూడా ఒకపూట సెలవు పెట్టి పోయి టెంకాయ కొట్టి వచ్చింది. నాకు మాత్రం షెడ్డు వెనక పూడ్చేసిన వంకే గుర్తొచ్చేది. మేనేజరుతో రెండుసార్లు చెప్పాను. ప్లాను ఉంది కదా అన్నాడు.

చెరువుకట్ట తెగింది పొద్దున్నే. పెనుకొండ నుంచి వచ్చే కంపెనీ బస్సులో నేనూ ఉన్నాను. సగం దారిలో డ్రైవరు బస్సు ఆపేశాడు.

"పోల్యాను మేడమ్. రోడ్డు యాడుండాదో కనపళ్ల్యా."

ముందంతా ఎర్రటి నీళ్లు. కంపచెట్లు, ఒక నీళ్లట్యాంకు కొట్టుకుపోతున్నాయి. అప్పుడే ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. షెడ్డులోకి నడుము లోతు నీళ్లొచ్చాయని, తాను పైకప్పు మీద ఉన్నానని అరుస్తున్నాడు. నేను అగ్నిమాపక కేంద్రానికి చెప్పి, ఫోన్‌లో ప్లాను తెరిచాను. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత చెప్పాలో వరసగా ఉంది. మేనేజరు. హెడ్డాఫీసు. కొనే కంపెనీ ఏజెంటు. పక్క రాష్ట్రం యూనిట్. ఒక్కటి తప్పకుండా ఏడు ఫోన్లు చేశాను. నా చుట్టూ ఆడవాళ్లు తమ ఇళ్లకు ఫోన్లు చేసుకుంటున్నారు. ఒకామె బిడ్డ హిందూపురంలో హాస్టల్లో ఉంది, ఫోన్ కలవటం లేదు, ఆమె ఏడుస్తోంది.

"మేడమ్, మేమేం చేయాలంట?" అని వెనక సీట్లోంచి ఎవరో అడిగారు.

నేను నిజంగానే పేజీలు తిప్పి వెతికాను. అందులో వాళ్ల గురించి ఏమీ లేదు. ఇళ్లకు పోండి అన్నాను. డ్రైవరు బస్సును వెనక్కి తిప్పాడు.

ప్రాణాలేమీ పోలేదు. వాచ్‌మన్‌ను మధ్యాహ్నానికి ట్రాక్టరులో దింపారు. హాస్టల్ పిల్ల క్షేమంగానే ఉంది. నాలుగో రోజు పక్క రాష్ట్రంలో మన చొక్కాలు కుట్టడం మొదలైంది. అక్కడ గోడకు పెద్ద టీవీ తగిలించి నా వీడియోలు వేశారట. "మీ వీడియోలు బంగారం" అన్నాడు మేనేజరు ఫోన్‌లో. ఆర్డరు చెప్పిన రోజుకే ఓడెక్కింది. నేను రాసినవాటిలో ఒక్కటి కూడా తప్పిపోలేదు.

ఇక్కడ మోకాలి లోతు బురద. ఎవరూ రమ్మనకుండానే ఆడవాళ్లు వచ్చారు. బస్సుల్లేకపోతే ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. అక్క కొంగు బిగించి ముందు నిలబడింది. తట్టలతో బురద ఎత్తారు, కిరసనాయిలుతో మిషన్లు తుడిచారు, గోడలు కడిగారు. చేతులు పగిలాయి. మూడు వారాలు అట్లా చేశారు.

"మీకెవరన్నా చెప్పినారా అక్కా ఇదంతా చేయమని?" అని అడిగాను.

"చెప్పేదేముండాది మేడమ్? మన మిషన్లు మనం తుడుసుకోకుంటే ఎవురు తుడుస్తారు?"

తర్వాత లారీలు వచ్చాయి. మిషన్లను సర్వీసింగ్‌కు తీసుకుపోతున్నామన్నారు. తిరిగి వచ్చాక కలిసిపోకూడదని అక్క ప్రతి మిషన్ మీద సుద్దముక్కతో ఎవరిది ఏదో రాసింది. లారీల వాళ్లకు టీ ఇప్పించింది. అప్పటికి నాకు తెలుసు. ముందురోజే ఒక మెయిల్ నా కళ్లబడింది. హిందూపురం లేకుండానే పని సజావుగా సాగుతుందని ఈ వరదలో రుజువైంది కాబట్టి రెండు యూనిట్లను నడపాల్సిన అవసరం లేదని అందులో ఉంది. అక్కకు సుద్దముక్క అందించింది నేనే.

ఫ్యాక్టరీ మూసేస్తున్నామన్న నోటీసును గేటుకు నా చేతులతోనే అంటించాను. అది ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంది. అక్క కూడబలుక్కుని చదివి నావైపు తిరిగింది.

"బురదంతా కడిగినాము గదా మేడమ్?"

వేరే ఎవరో ఏడ్చారు, ఎవరో తిట్టారు, ఒకాయన గేటును కాలితో తన్నాడు. కొంతమంది హిందూపురంలో వేరే ఫ్యాక్టరీలు తిరిగారు. వయసులో ఉన్నవాళ్లకు దొరికింది. కొంతమంది బెంగళూరు పోయారు. చాలామంది టమోటా తోటల్లో కూలికి పోయారు. నాకు మాత్రం ఒక ఉత్తరం వచ్చింది. కంపెనీకి సలహాలిచ్చే ఒక సంస్థ, ఇట్లాంటి ప్లాన్లు వేరే వ్యాపారాలకు రాయటానికి రమ్మంది. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. రెండు రోజులు ఆలోచించినట్టు నటించి ఒప్పుకున్నాను.

పోయినేడాది ధర్మవరంలో ఒక పట్టుచీరల కంపెనీ గోదాము చూసి రమ్మన్నారు. అక్క కూతురిని అక్కడే ఇచ్చారని, ఇప్పుడు ఆమె కూడా అక్కడే ఉందని విన్నాను. పని ముగించుకుని, అడుగుతూ ఆ సందులోకి పోయాను. చిన్న ఇల్లు. వాకిలి దాటగానే నేలలో మగ్గం గుంత, దాంట్లో కాళ్లు పెట్టుకుని అల్లుడు నేస్తున్నాడు. ఆయన చేసే పని కూడా నేను చూసొచ్చిన కంపెనీకే. అక్క మూల కూర్చుని పట్టుదారం కండెలకు చుడుతోంది. ఆ బురద పనికి పగిలిన వేళ్లు సరిగ్గా మానలేదేమో, సన్నటి దారం వేలికి పట్టుకుని తెగుతోంది. తెగినప్పుడల్లా కూతురి వైపు ఒకసారి చూసి ముడి వేస్తోంది.

"ఏం పాపా, ఈడికొస్తివే!" అని లేచింది. మేడమ్ అనలేదు. నాకు అదొక్కటే హాయిగా అనిపించింది.

టీ ఇచ్చింది. నేను అనుకుని పోయిన మాట చెప్పేశాను. "అక్కా, ఆ ప్లాను రాసింది నేనే. పనిని వాళ్లకు ఎత్తి ఇచ్చింది నేనే."

ఆమెకు కోపం వస్తుందని ఎదురుచూశాను. వస్తే బాగుండేది.

"రాస్తే ఏమి? నీ పని గదా అది. వాన నువ్వు తెస్తివా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నీకు తెలుసు గదా ఇవన్నీ. పోయిన వానకు ఈ గుంత నిండా నీళ్లు. కొయ్య ఉబ్బిపాయ, చీర నాశనమయిపాయ. రెండు నెలలు నేసేదానికి ల్యాకపాయ. నీళ్లు రాకుండా ఏం చేయాల్నో చెప్పు పాపా" అంది.

అల్లుడు కూడా నేయడం ఆపి నావైపు చూశాడు. వాకిలికి కట్ట వేసుకోండి అన్నాను. ఇల్లు తమది కాదని, సొంతదారు ఒప్పుకోడని చెప్పారు. పైనుంచి వచ్చే కాలువకు అడ్డం తీయించాలి అన్నాను. అది ఎవరు తీస్తారు అన్నారు. చూస్తానక్కా అని చెప్పి సాయంత్రం బండికి పెనుకొండ వచ్చేశాను.

మరునాడు గోదాము రిపోర్టు రాయటానికి కూర్చున్నాను. చీరలను పైఅంతస్తుకు మార్చాలి, కంప్యూటరు లెక్కలు వేరేచోట దాచాలి, జనరేటరు ఎత్తులో పెట్టాలి అని రాశాను. చివర్లో, ఇళ్లలో నేసేవాళ్ల మగ్గాలు మునిగితే పరిస్థితి ఏమిటి అన్న గడి వచ్చింది. మగ్గం గుంతల గురించి రెండు పేరాలు రాశాను. చదువుకున్నాను. పైవాళ్లు ఎక్కడ ఎర్రగీత గీస్తారో నాకు తెలుసు కాబట్టి నేనే కొట్టేశాను. వాటి చోట, వేరే ఊళ్లలో నేసేవాళ్లు దొరుకుతారు, పని ఆగదు అని రాసి పంపాను.

రిపోర్టు ఒక్క మార్పు కూడా లేకుండా ఆమోదమైంది.