పెద్దచేతి పిన్ని, మకావ్ చిలుకల గింజలు

ఆ జూకి జనం సింహాన్ని చూడ్డానికి వస్తారు. సింహం మాత్రం పిన్ని బండి కోసం ఎదురుచూస్తుంది. తోపుడుబండి ముందుచక్రం కీచుమన్న చప్పుడు మలుపు దగ్గర వినబడితే చాలు, అంతసేపూ రాయిలా పడుకున్న మృగం లేచి, ఒళ్లు విరుచుకుని, కమ్మీల దగ్గరికి వచ్చేస్తుంది.

పిన్ని జూ వంటింట్లో పనిచేసేది. వెనక గేటు పక్కన పొడుగాటి గది. మధ్యలో సిమెంటు అరుగు, దాని మీద కత్తిగాట్లు పడి గుంటలు తేలిన చెక్కపలక, గోడవారన బకెట్లు. ఒక్కో బకెట్ మీద ఒక్కో జంతువు బొమ్మ రంగుతో వేసి ఉండేది. ఎలుగుబంటి బొమ్మ అరిగిపోయి పందిలా కనిపించేది కానీ పిన్నికి పొరపాటు జరగదు. పొద్దున్నే రబ్బరు బూట్లు వేసుకుని నేల కడిగి, క్యారెట్లూ ఆకుకూరలూ తరగడం మొదలుపెట్టేది. చేపలు ఓ పక్క, పళ్లు ఓ పక్క. తరుగుతూ వాటితోనే మాట్లాడేది. "నువ్వు మెత్తబడ్డావు, నిన్ను కోతులు విసిరికొడతాయి" అని ఒక అరటిపండుకి చెప్పడం చాలామంది విన్నారు.

జూలో అందరికీ ఆవిడ పిన్నే. కాపలావాళ్లకీ, టికెట్లు చింపేవాళ్లకీ, పైనుంచి వచ్చే ఆఫీసరుకీ కూడా. అందులోనూ పెద్దచేతి పిన్ని. పెట్టడమే తప్ప తగ్గించడం ఆ చేతికి రాదు. ఆవిడ హయాంలో ఎలుగుబంటి ఎంత లావెక్కిందంటే, ఒకసారి దాని గుహ ద్వారంలో ఇరుక్కుపోయి, సబ్బునీళ్లు పోసి లాగాల్సి వచ్చింది. ఇంటి దగ్గర బాబాయి పరిస్థితీ అంతే. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, మాట తక్కువ, ఆకలి కూడా తక్కువే. అయినా పళ్లెంలో ఖాళీ కనిపిస్తే ఆవిడకి ప్రాణం ఒప్పేది కాదు. ఆయన చేత్తో పళ్లేన్ని కప్పుకుంటే, వేళ్ల సందుల్లోంచి వడ్డించేసేది.

అలాంటి మనిషి ఉన్న జూ వంటింట్లోకి కొత్త డాక్టరమ్మ ఎలక్ట్రానిక్ తూకం పట్టుకొచ్చింది. సన్నగా, ఎప్పుడూ పరుగు మీదున్నట్టుండే పిల్ల. పశువుల చదువు చదివింది.

"పిన్నీ, ఇకనుంచి తూచి వేద్దాం" అంది.

"చుట్టాలకి ఎవరైనా తూచి వడ్డిస్తారా డాక్టరమ్మా?" అంది పిన్ని.

"వీళ్లు చుట్టాలు కాదు పిన్నీ, నా పేషెంట్లు."

"మీకు పేషెంట్లు, నాకు చుట్టాలు" అని పిన్ని తన పని తను చూసుకుంది. తూకం అరుగు చివర గుడ్డ కప్పుకుని కూర్చుంది. అయితే డాక్టరమ్మ మధ్యాహ్నం తిన్నదో లేదో కనిపెట్టి, ఉడికించిన గుడ్డూ రొట్టే మూతపెట్టి ఉంచేది కూడా పిన్నే. ఆ పిల్ల నిలబడే తినేసి, "థాంక్స్ పిన్నీ" అంటూ పరిగెత్తేది.

చలి తగ్గుతున్న రోజుల్లో జింకలు ఈనాయి. మొదటి పిల్ల పుట్టినప్పటినుంచీ లేవలేదు. తల్లి నాకింది, ముట్టెతో తోసింది. పిల్ల ముందుకాళ్లు ఎత్తుతుంది, వెనకకాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి కదలవు. పాలు తాగే ఓపిక కూడా లేక కొద్దిరోజుల్లోనే పోయింది. తర్వాత మరో పిల్ల పుట్టింది. అది నిలబడింది కానీ వీపు వంచుకుని, చలికి వణికే ముసలిదానిలా నిలబడింది.

పిన్నికి తెలిసిన వైద్యం ఒకటే. ఈనబోయే జింకల బకెట్లో క్యారెట్లు రెట్టింపు చేసింది, ఆకులు కుప్పపోసింది. జింకలు తిన్నంత తిని మిగతాది తొక్కేశాయి. పిల్ల వీపు అలాగే ఉంది.

చనిపోయిన పిల్లని డాక్టరమ్మ కోసి చూసింది. తిరిగొచ్చి వంటింట్లో బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

"ఎర్రగా ఉండాల్సిన కండ, ఉడికించిన చేపలా తెల్లగా ఉంది పిన్నీ. గుండె మీద కూడా తెల్లచారలే. తల్లుల రక్తం పరీక్షకి పంపాను. నాకు తెలిసి ఇది సెలీనియం తక్కువవడం."

"అదేం పురుగు?"

"పురుగు కాదు. ఖనిజం, ఉప్పులోని అయోడిన్ లాంటిది. మట్టిలో ఉంటుంది. మట్టిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి వీటి ఒంట్లోకి వస్తుంది. మనం ఈమధ్య గడ్డి కొత్తచోటి నుంచి తెప్పిస్తున్నాం కదా, ఆ నేలలో అది లేనట్టుంది. గడ్డి పచ్చగానే ఉంటుంది, కడుపూ నిండుతుంది. లోపల మాత్రం లోటు."

కడుపు నిండాక కూడా లోటు ఉంటుందన్న మాట పిన్నికి కొత్త. చేతిలో కత్తి పక్కన పెట్టింది.

"అదేం చేస్తుంది ఒంట్లో?"

డాక్టరమ్మ మూలనున్న పొయ్యివైపు చూపించింది. "కట్టెలు మండితే నిప్పురవ్వలు లేస్తాయి కదా. ఒంట్లో తిండి ఖర్చవుతున్నప్పుడూ అలాంటివి పుడతాయి. వాటిని ఎప్పటికప్పుడు ఆర్పే మనుషులున్నారనుకోండి, వాళ్ల చేతిలోని నీళ్ల చెంబు ఈ సెలీనియం. చెంబు లేకపోతే కండ కాలిపోతుంది."

ఆ సాయంత్రమే వీపు వంచిన పిల్లకి సూదిమందు పడింది. సెలీనియం, దానికి తోడుగా విటమిన్-ఇ. పిన్ని దాని తల ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది. మర్నాటికి పెద్ద తేడా లేదు. ఆపైన ఒకరోజు పొద్దున్న బండి తోసుకుంటూ వెళ్లేసరికి, అది తల్లి పొట్టకింద దూరి తోక ఊపుకుంటూ పాలు తాగుతోంది. పిన్ని బండి అక్కడే వదిలేసి నిలబడిపోయింది. ఆ రోజు సింహానికి భోజనం ఆలస్యమైంది.

తల్లులకి దాణాలో కలపమని డాక్టరమ్మ ఒక పొడి ఇచ్చింది. "దీన్ని మాత్రం చేత్తో వెయ్యకండి, దండం పెడతాను. తూచాల్సిందే."

"ఇంత వేస్తేనే ఇంత బాగుపడితే, ఇంకాస్త వేస్తే ఇంకెంత బాగుంటుందో."

"ఇంకాస్త వేస్తే చస్తాయి. మందుకీ విషానికీ మధ్య చాలా ఇరుకు జాగా పిన్నీ ఇందులో. సెలీనియం మరీ ఎక్కువున్న నేలల్లో మేసే గుర్రాలకి జూలు రాలిపోతుంది, గిట్టలు పగిలిపోతాయి."

పిన్ని మొదటిసారి తూకం మీది గుడ్డ తీసింది. పొడి తూచి, కలిపి, "మరి మనుషులకీ కావాలా ఇది?" అని అడిగింది.

"ఎందుకు అక్కర్లేదు? మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచెయ్యాలన్నా, రోగాల్ని తట్టుకోవాలన్నా కావాలి. గుడ్లలో ఉంటుంది, చేపల్లో, మాంసంలో ఉంటుంది. ధాన్యాల్లో అయితే పండిన నేలని బట్టి. అన్నిటికంటే ఎక్కువ ఉండేది మీ నెత్తిమీద డబ్బాలోనే ఉంది." పై అరలో మకావ్ చిలుకలకి పెట్టే బ్రెజిల్ గింజల డబ్బా చూపించింది. ఇంకేదో చెప్పబోయేంతలో జీబ్రా కాలు కంచెలో ఇరుక్కుందని ఎవరో పిలవడంతో సంచి తీసుకుని పరిగెత్తింది.

పిన్ని ఆ డబ్బావైపు చాలాసేపు చూసింది. ఈమధ్య ఆవిడకి ఒంట్లో నలతగానే ఉంటోంది. పొద్దున్న లేచేసరికి మోకాళ్లు బిగుసుకుపోయి, ఆ జింకపిల్లలాగే మంచం పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. అలసట అయితే చెప్పక్కర్లేదు. తన లోటేదో తెలిసిపోయినట్టు అనిపించింది.

మకావ్ చిలుకలు దర్జా పక్షులు. పెంకు తామే పగలగొట్టుకోవాలి, విరిగిన గింజని ముట్టవు. ఆ ముక్కల్ని స్టోరు చూసే ఆయన పారేసేవాడు. పిన్ని అడిగితే, "తీసుకో పిన్నీ, ఎవరొద్దన్నారు" అన్నాడు. పిన్ని ఆప్రాన్ జేబు నింపుకుంది. పొద్దున్న ఒక గుప్పెడు, ఇంటికెళ్లాక ఒక గుప్పెడు. ఆవిడ గుప్పెడంటే మామూలు గుప్పెడు కాదు. పొడి సంగతి గుర్తుంది కానీ అది మందు. ఇది తిండి. తిండి మనిషినేం చేస్తుందని ఆవిడ ధీమా.

బాబాయికీ పెట్టింది. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, కట్టుడుపళ్లతో కాసేపు కుస్తీపట్టి, "కుర్చీకాలు నమిలినట్టుంది" అని తీసేశాడు. ఆ కట్టుడుపళ్లే ఆయన్ని కాపాడాయి.

మొదట్లో పిన్నికి నిజంగానే ఒళ్లు తేలికైనట్టు తోచింది. ఎండలు ముదిరి, తగ్గి, వానలు మొదలయ్యాయి. ఒకరోజు బాబాయి మిషన్‌కి నూనె వేస్తూ ముక్కు ఎగబీల్చాడు.

"ఏమోయ్, ఎక్కడన్నా తినొస్తున్నావా?"

"నేనెక్కడ తింటానండీ?"

"వెల్లుల్లి వాసనొస్తోంది."

బాబాయి కడుపుకి వెల్లుల్లి పడదు. ఆ ఇంట్లోకి అది వచ్చి ఏళ్లయింది. పిన్ని ఒట్టేసి చెప్పింది, ఆయన తలూపాడు, నమ్మలేదు. ఆయనకి వెల్లుల్లంటే ఒకప్పుడు ప్రాణం. భార్య ఎవరింట్లోనో కూర్చుని తనకి లేకుండా రుచులు మరుగుతోందని ఆయన మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. రోజూ ఆవిడ ఇంట్లోకి రాగానే ఒకసారి ముక్కు ఎగబీల్చడం, మౌనంగా తల తిప్పుకోవడం. మామూలుగానే మాట తక్కువ మనిషి అలిగితే ఇంట్లో గోడగడియారం చప్పుడే మిగులుతుంది.

ఆ తర్వాత దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. గోళ్ల మీద తెల్లటి అడ్డగీతలు పడ్డాయి, క్యారెట్ గట్టిగా పట్టుకుంటే పెళుక్కున విరిగేవి. వేళ్ల చివర తిమ్మిర్లు. ఊరికే విసుగు. కోతుల్ని ఎన్నడూ తిట్టని మనిషి తిట్టింది. ఎవరికీ చెప్పుకోక, తలకి గుడ్డ కట్టుకుంది. లోటు ఇంకా తీరలేదేమోనని, గింజలు ఇంకొంచెం పెంచింది.

వాన కురుస్తున్న ఒక పొద్దున్న డాక్టరమ్మ పొడి తూకం చూడ్డానికి వచ్చి పిన్ని పక్కన వంగింది. వంగి ఆగిపోయింది.

"వెల్లుల్లి దేనికి వేశారు పిన్నీ? కోతులకా?"

"మీరు కూడానా అమ్మా? మా ఇంట్లో వెల్లుల్లి పొట్టు కూడా లేదు. ఆయనదీ ఇదే గొడవ." పిన్ని తలగుడ్డ ఇంకాస్త బిగించుకుంది.

డాక్టరమ్మ ఆవిడ చెయ్యి అందుకుంది. గిట్టని చూసినట్టు వెనక్కీ ముందుకీ తిప్పి, గోళ్లని వెలుతురుకి పట్టి చూసింది.

"ఆ తలగుడ్డ ఒకసారి తియ్యండి."

"వద్దులెండి."

"పిన్నీ."

పిన్ని గుడ్డ విప్పింది. వెనకవైపు అక్కడక్కడా నున్నటి చర్మం కనిపిస్తోంది. ఎన్నడూ ఎవరిముందూ కంటతడి పెట్టని మనిషి, క్యారెట్ల బకెట్‌వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

"ఏం తింటున్నారు?" డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

పిన్ని ఆప్రాన్ జేబులోంచి గుప్పెడు తీసి అరుగు మీద పోసింది.

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో పిన్నీ. వీటిల్లో ఒక్క గింజలోనే మనిషికి రోజంతటికీ సరిపడా ఉంటుంది. ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. ఒళ్లు మోయలేనంత అయ్యాక ఊపిరిలోంచి బయటికి తోసేస్తుంది. ఆ వాసనే వెల్లుల్లిలా ఉంటుంది. గుర్రాల జూలు సంగతి చెప్పాను కదా."

"అది పొడి కదమ్మా. ఇది తిండి కదా."

"లోపలికెళ్లాక రెండూ ఒకటే." ఆ పిల్ల గింజల్ని పక్కకి తోసి, "తప్పు నాది. ఆ రోజు సగం చెప్పి పరిగెత్తాను" అంది.

"మీరు మొత్తం చెప్పినా నేను నా చెవికి నచ్చిందే వినేదాన్ని" అంది పిన్ని, ఆ పిల్ల భుజం తట్టి.

డాక్టరమ్మ తన స్కూటర్ మీదే ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్లింది. వానలో ఇద్దరూ ఒకే రెయిన్‌కోటు కింద. మనుషుల డాక్టరు రక్తం పరీక్ష చేయించి, డాక్టరమ్మ అనుకున్నదే నిజమన్నాడు. మందేమీ లేదు, ఆ గింజలు ఆపేయడమే మందన్నాడు. పూర్వస్థితికి రావడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలన్నాడు. మామూలుగా గుడ్డూ చేపా తినే మనిషికి విడిగా ఏదీ అక్కర్లేదని, మోకాళ్లనొప్పికి వేరే దారి చూద్దామని చెప్పాడు.

సంగతంతా విని బాబాయి లేచి వంటింట్లోకి వెళ్లాడు. రెండు గ్లాసుల టీ పెట్టి తెచ్చాడు. తాగుతూ తాగుతూ, "నేను వేరే ఏదో అనుకున్నాను" అన్నాడు.

"ఏమనుకున్నారు?"

"వెల్లుల్లి నీ ఒక్కదానికే ఎవరో పెడుతున్నారనుకున్నాను."

పిన్నికి నవ్వొచ్చి టీ పొలమారింది. ఆయన లేచి మిషన్ సొరుగులోంచి టేపు తీశాడు. వచ్చి, ఆవిడ నుదుటి చుట్టూ చుట్టి కొలత చూశాడు. అన్నేళ్ల కాపురంలో ఆయన అలా ఎన్నడూ ముఖం దగ్గరగా పెట్టి నిలబడింది లేదు. ఆవిడ కదలకుండా కూర్చుంది. వారం తిరిగేసరికి మెత్తటి నూలు టోపీలు తయారయ్యాయి. కస్టమర్లు వదిలేసిన గుడ్డముక్కలతో ఒక్కోటి ఒక్కో రంగులో, లోపలి కుట్లు తలకి గుచ్చుకోకుండా మడతపెట్టి మరీ కుట్టాడు. నారింజరంగుది పెట్టుకెళ్లిన రోజు మకావ్ చిలుకలు గోలగోల చేశాయి.

వాసన ముందు పోయింది. తర్వాత తిమ్మిర్లు. గోళ్లమీది గీతలు చివరిదాకా జరిగి జరిగి, కత్తిరింపులో పడిపోయాయి. జుట్టు మాత్రం తొందరపడలేదు. వచ్చినప్పుడు వంకీలు తిరిగి వచ్చింది. బాబాయి దాన్ని వేలితో లాగి వదిలి, స్ప్రింగులా ఉందన్నాడు.

మళ్లీ చలి తగ్గే రోజులొచ్చాయి. తల్లులకి పొడి తూచి వేయడం పిన్ని ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ పొడి కొలతకి కొత్త పనివాళ్లు చెయ్యి వాడబోతే ఆవిడే కసిరేది. జింక ఈనిందని కబురు రాగానే డాక్టరమ్మ, పిన్ని ఇద్దరూ కంచె దగ్గరికి వెళ్లారు. పిల్ల ఇంకా తడిగానే ఉంది. లేచింది, ముందుకు పడింది, మళ్లీ లేచింది. వీపు తిన్నగా ఉంది. పిన్ని కంచె సందులోంచి చెయ్యి చాపి, "రా తల్లీ, రా" అంది.

పిల్ల ఆ చెయ్యిని చూసి బెదిరి, నాలుగుకాళ్లూ ఎగరేసి, గడ్డిలో అవతలి మూలకి పారిపోయింది.

"చూశారా, మిమ్మల్ని లెక్కచెయ్యట్లేదు" అంది డాక్టరమ్మ.

"అదెంత బాగా పరిగెత్తిందో చూశారా" అంది పిన్ని.